పలచటి మంట

ఈ ఉదయం మా ఆవిడ చిన్నమ్మి పొయ్యిలో తడి సరుగుడు కట్టె పెట్టింది. కట్టె చివర నీరు బుడగలు కట్టి సుయ్‌మంది. కళ్లు మండించే పొగ వంటిల్లు దాటి వాకిట్లోకి వచ్చింది. ఆ పొగ ముక్కుకు తగలగానే నాకు దానియేలు గారు గుర్తొచ్చారు. ఆవిరి లాంచీలో ఆయన చేతి కింద కొన్నేళ్లు పనిచేశాను. నాకు తెలిసిన పనంతా ఆయన నేర్పిందే. కాలువ లాకుల దగ్గర నీళ్లు నిండి తలుపులు తెరిచేదాకా లాంచీ ఆగి ఉన్నప్పుడు చెక్క మీద బొగ్గుతో రాసి నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. అయినా ఆయన ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే ఇదీ అని చెప్పలేను. ఆలోచించిన కొద్దీ తికమకే మిగులుతుంది.

అప్పటికి మా వైపు రైలు రాలేదు. కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా జనమూ సరుకూ కాలువ మీదే నడిచేవి. మామూలు పడవలకు తాళ్లు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. కాకినాడలో ఒక బియ్యం షావుకారు మాత్రం ఆవిరి లాంచీ కొన్నాడు. దానికి డ్రైవరు దానియేలు గారు. చర్చికి వెళ్లే కుటుంబం, సన్నటి పొడుగాటి మనిషి, పిల్లా పెద్దా తేడా లేకుండా అందరినీ అండీ అనేవారు. నేను సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో తుఫానుకు మా నావ పోయింది. బాయిలరులో కట్టెలు వేసే పనికి ఆ లాంచీలో కుదిరాను.

ఎక్కువ కట్టె వేస్తే ఎక్కువ వేగం, త్వరగా చేరితే ఖర్చయ్యే కట్టె కూడా తక్కువే అని నా లెక్క. మొదటి రోజు ఆ లెక్క ప్రకారమే పొయ్యి నిండా కుక్కాను. దానియేలు గారు నన్ను పైకి పిలిచి, ముందు వైపు నీళ్లు చూడమన్నారు. ఇరుకు కాలువలో లాంచీ ముక్కు ముందు నీరు గట్టులా లేచి ఉంది. వెనక భాగం లోపలికి దిగిపోయింది. "మనం పడవ నడపట్లేదండి, కాలువను తోస్తున్నాం" అన్నారు. ఆవిరి తగ్గించగానే ఆ నీటిగట్టు అణిగిపోయింది. వేగం పెద్దగా తగ్గలేదు. మంట పలచగా, పొయ్యి అంతా సమంగా ఉండాలని, ఊరికే తలుపు తెరిచి చూడకూడదని, లాకు కనపడకముందే ఆవిరి కట్టేసి ఆ ఊపు మీదే లాకు చేరాలని, నీళ్లలో తిరిగే పంకాకు చుట్టుకున్న నాచు ప్రతి మజిలీలోనూ తీసేయాలని ఒక్కొక్కటే నేర్పారు. ఆయనకు ముందు ఆ లాంచీ నడిపినవాళ్లు సామర్లకోటలో మళ్లీ కట్టె ఎక్కించుకునే చోట మేం ఆగకుండా సాగిపోయేవాళ్లం.

కానీ ఆయన పద్ధతి నాకు ఎప్పుడూ పూర్తిగా అందలేదు. ఒకరోజు కట్టె ఎందుకు వేశారని కోప్పడేవారు, మరుసటి రోజు అదే చోట ఎందుకు వేయలేదని కోప్పడేవారు. ఏది సరి అని అడిగితే మంటను చూడండి అనేవారు. నేను చూసేవాణ్ణి. నాకు మంట మాత్రమే కనపడేది.

ఒక వర్షాకాలం బిక్కవోలు దగ్గర గట్టు మీద కొందరు తడుస్తూ నిలబడి ఉన్నారు. పక్కన పాడె. కట్టెలన్నీ తడిసిపోయి చితి అంటుకోవడం లేదట. వాళ్లు మమ్మల్ని ఏమీ అడగలేదు. ఒక్క పుల్ల ఎక్కువ వేస్తే ఊరుకోని మనిషి, లాంచీ గట్టుకు చేర్చి, చాప కింద భద్రంగా దాచిన ఎండు కట్టెల్లో సగం దింపించేశారు. ఎందుకని అడిగాను. "ఇంక మెల్లిగా పోదామండి" అన్నారు, అంతే. మేం నత్తలా కాకినాడ చేరాం. షావుకారు నానా మాటలూ అన్నాడు. ఆయన తల వంచుకుని విన్నారు. మర్నాడు మళ్లీ ఒక పుల్ల దగ్గర నన్ను కోప్పడ్డారు.

ఆ తరువాతి ఏడాది చిన్నమ్మి తొలి కాన్పుకు అనపర్తి పక్కన కాలువ గట్టునే ఉన్న పుట్టింటికి వెళ్లింది. మేం కాకినాడ నుంచి ఎదురు ప్రవాహంలో ధవళేశ్వరం వెళుతుంటే, మధ్యాహ్నం వేళ మా అత్తగారు గట్టు మీద చేతులూపుతూ కనపడింది. నొప్పులు మొదలై చాలాసేపయిందని, బిడ్డ అడ్డం తిరిగిందని, రాజమండ్రిలో ఉన్న డాక్టరు దొరసాని తప్ప ఎవరూ ఏమీ చేయలేరని మంత్రసాని చేతులెత్తేసిందట. చిన్నమ్మిని నులకమంచంతో సహా లాంచీలోకి ఎక్కించాం, మా అత్తగారూ వెంట ఎక్కింది.

నేను పొయ్యి తలుపు తెరిచి చేతికందిన కట్టెలన్నీ వేయబోయాను. దానియేలు గారు నా చెయ్యి పట్టుకున్నారు. నన్ను పైకి వెళ్లి నా భార్య దగ్గర కూర్చోమని, పొయ్యి ముందు తానే కూర్చున్నారు. చుక్కాని లాంచీలో మాతోపాటు ఉండే తెడ్డువాడికి అప్పగించారు. లాంచీ రోజూ కంటే మెల్లిగా కదిలింది. కాలువలో నీరు ఉధృతంగా ఉంది. గట్టున తాళ్లతో పడవ లాగుతున్న మనుషులు చాలాసేపు మా పక్కనే నడిచారు. చిన్నమ్మి మూలుగుతోంది. మా అత్తగారు ఆయన్ను బాహాటంగానే తిట్టిపోసింది. చివరికి నేను కిందికి దిగాను.

"మీ కూతురైతే ఇలాగే నడుపుతారా దానియేలు గారూ?" అన్నాను.

ఆయన మంట మీంచి చూపు తిప్పలేదు. "మా అమ్మాయినైతే గట్టిగా నడిపానండి. దారిలో కట్టె అయిపోయింది" అన్నారు.

పైకి వెళ్లి చిన్నమ్మి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా ధవళేశ్వరం చేరాం. అప్పటికి కట్టెల గూడులో బెరడు పొట్టు తప్ప ఏమీ లేదు. అక్కణ్ణుంచి బండిలో రాజమండ్రి వెళ్లాం. బిడ్డ దక్కలేదు. చిన్నమ్మి దక్కింది. డాక్టరు దొరసాని వచ్చీరాని తెలుగులో నాకు రెండు మాటలు చెప్పింది. కొంచెం ముందు వచ్చి ఉంటే బిడ్డ బతికేదేమో అంది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లి కూడా పోయేది అంది. ఆ రెండు మాటల్లో దేన్ని పట్టుకోవాలో నాకు ఆ రోజు తెలియలేదు, ఈ రోజూ తెలియదు. గట్టిగా నడిపి ఉంటే ముందే చేరేవాళ్లమా, కడియం దగ్గరే కట్టె అయిపోయి ఆగిపోయేవాళ్లమా? కొన్ని రాత్రులు ఒకటి నిజమనిపిస్తుంది, కొన్ని రాత్రులు రెండోది.

ఆయనతో దాని గురించి నేను మళ్లీ మాట్లాడలేదు. ఆయనా ఎత్తలేదు. బిడ్డను పూడ్చిన రోజు మాత్రం వచ్చి, ఎండలో గొడుగు లేకుండా మాతోపాటు నిలబడి వెళ్లారు. కొన్నేళ్లకు జ్వరంతో పోయారు. అప్పుడు మొదటిసారి కాకినాడలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య మరియమ్మ గారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. మీ అమ్మాయి సంగతి తెలిసి బాధపడ్డానండి అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"మాకు పిల్లల్లేరు బాబూ. నన్ను చేసుకునేసరికే ఆయనకు వయసు మళ్లింది. అంతకుముందు సంగతులు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు" అంది.

మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి లేచాను. ఆ కూతురు ఉందో, నా నోరు మూయించడానికి ఆ క్షణంలో పుట్టిందో చెప్పేవాళ్లు ఇక లేరు. ఉంటే ఆ తండ్రి ఏళ్ల తరబడి రోజూ అదే పొయ్యి ముందు ఎలా కూర్చున్నాడు? లేకపోతే అంత మాట అంత నిదానంగా ఎలా అనగలిగారు? అబద్ధమే అయినా నాకు ఆయన మీద కోపం రాలేదు. నిజమే అయినా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు రైలు వచ్చింది, లాంచీకి జనం తగ్గారు. దాని డ్రైవరును నేనే. ముందు నీరు లేవబోతుంటే నేను ఆలోచించకముందే నా చెయ్యి ఆవిరి తగ్గిస్తుంది. అది తెలివో భయమో నాకు తెలియదు. చిన్నమ్మితో ఆ ప్రయాణం గురించి ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు. ఈ ఉదయం ఆయన గుర్తొచ్చారని చెబుతూ, ఆ రోజు ఆయన అంత మెల్లిగా నడిపినందుకు నీకు కోపం లేదా అని అడిగేశాను. తను పొయ్యిలోని తడి కట్టెను పక్కకు లాగి నా వైపు తిరిగింది.

"మెల్లిగా నడిపారా? నాకు తెలీదండి. పడవ ఒక్కసారి కూడా కుదపలేదు, అదే గుర్తుంది" అంది.