తలకాయ రాని శనివారాలు

మైపాడు దోవలో కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు ఒక రేకుల అంగడి ఉంది. దానికి బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే గాలాల గుత్తులు, తంగూసు చుట్టలు, రంగురంగుల రబ్బరు చేపలు, అవే బోర్డు. ఆ అంగడి రెబెక్కమ్మది.

రెబెక్కమ్మ చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఆమె ఒప్పుకోదు. తనకు చెప్పడానికి పంతులమ్మ దగ్గర ఇంకేమీ మిగల్లేదని, పాపం ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని తానే మానేశానని అంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి, పైపళ్లు కట్టించుకున్నవి, కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంటుంది. నోరు ఒక్కటే కొత్తదిలా ఉంది. వాడకం ఎక్కువ కాబట్టి తుప్పు పట్టలేదని ఆమే చెప్పుకుంటుంది.

మొగుడు హెబ్రోను వలలవాళ్లకు సీసం గుళ్లు అమ్మేవాడు. ఆయన పోయాక వలలవాళ్లు తగ్గారు, నెల్లూరు నుంచి బైకుల మీద వచ్చే గాలాలవాళ్లు పెరిగారు. వాళ్ల కోసం రెబెక్కమ్మ రీళ్లు తెచ్చిపెట్టింది, అంగడి ముందు బల్ల వేయించింది, బల్లతోపాటు ఒక పద్ధతి కూడా పెట్టింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఎవరికైనా పెద్ద పండుగప్ప చేప పడితే, ఒళ్లు ఎవరింటికైనా పోవచ్చు, తలకాయ మాత్రం అంగడికి రావాలి. శనివారం సాయంత్రం ఆమె మట్టి దాకలో మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెడుతుంది. చేపను పట్టినవాడు కథ చెబుతాడు, మిగతావాళ్లు వేళ్లు నాక్కుంటూ వింటారు. అబద్ధం ఎంత పెద్దదైనా అన్నం అయ్యేదాకా ఎవరూ అడ్డం చెప్పకూడదు.

ఆమెకు పిల్లాజెల్లా లేరు. మిగతా రోజులు గల్లాపెట్టె పక్కనే కూర్చుని, పొద్దుటి అన్నంలో ఊరగాయ కలుపుకుని, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ తింటుంది. శనివారం ఒక్కరోజే ఆమె కంచం చుట్టూ ఇంకో నాలుగు కంచాలు ఉంటాయి. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. వాళ్ల తిండిగోల తట్టుకోలేక చస్తున్నానని మాత్రం ఊరంతా చెప్పింది.

ఇట్లా సాగుతుండగా పెంచలకృష్ణ ఈకల గాలం తెచ్చాడు.

పెంచలకృష్ణ నెల్లూరులో బియ్యం బ్రోకరు, నలభై ఏళ్లవాడు, మాట మెత్తన. అతను చేసేది ఫ్లై ఫిషింగ్ అట. ఎర ఉండదు. గాలానికి కోడి ఈకలు, మెరుపు దారాలు చుట్టి చిన్న చేపపిల్లలా కడతాడు. లావుపాటి పచ్చదారాన్ని కర్రతో తల మీదుగా ముందుకీ వెనక్కీ ఊపి ఊపి, ఆ ఈకను తీసుకెళ్లి నీళ్ల మీద పెడతాడు. రెబెక్కమ్మ మొదటిసారి చూసి, దయ్యం పట్టినవాడికి ప్రార్థన చేయించాలేమోనని పాస్టరుగారిని అడిగి వచ్చింది.

అక్కడితో అయితే ఆమెకు పోయేదేమీ లేదు. ఈకలు కూడా తెప్పించి అమ్మేది. కానీ ఈ ఈకలవాళ్లు పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. ఒక ఫోటో తీసుకుని, వీపు నిమిరి, సాగనంపుతారు. రిజిస్ట్రారు ఆఫీసులో రిటైరైన చంద్రమౌళి ముందు నవ్వాడు, తర్వాత ఒకసారి ఊపి చూశాడు, ఆ తర్వాత ఆయనా ఒక కర్ర కొన్నాడు. దాంతో తలకాయలు రావడం ఆగిపోయింది.

ఒక శనివారం రెబెక్కమ్మ మసాలా నూరి, చింతపండు నానబెట్టి కూర్చుంది. పెంచలకృష్ణ వచ్చి ఫోన్ చూపించాడు. అందులో చెయ్యంత పండుగప్ప నోరు తెరిచి ఉంది.

"చూడు పెద్దమ్మా, ఎట్టా మెరస్తా ఉందో."

"మెరస్తా ఉంది. దాకలో నీ ఫోను వేసేదా, దాని పెట్టె వేసేదా?"

"వదిలేసినాను పెద్దమ్మా. గుడ్ల మీద ఉండాది."

"నువ్వేమన్నా పురుడు పోస్తావా దానికి?"

చంద్రమౌళి కల్పించుకున్నాడు. "అక్కా, టమోటా పులుసయినా చాల్లే. మాకు ఆకలి కూడా అంతగా లేదు."

టమోటా పులుసు తిని, టీ తాగి, దీపాలు పెట్టకముందే వాళ్లు వెళ్లిపోయారు. చెప్పడానికి కథ లేకపోయింది. ఫోటోలో అంతా కనిపిస్తుంటే చెప్పేదేముంది, అబద్ధం ఆడేదేముంది? తర్వాతి వారం చంద్రమౌళి రానేలేదు, మనుమరాలి పుట్టినరోజన్నాడు. ఆపై వారం పెంచలకృష్ణ అంగడి ముందు బండి ఆపకుండా హారను కొట్టి పోయాడు. ఆ పూట రెబెక్కమ్మ కడిగిన కంచాలనే మళ్లీ కడిగింది.

బుద్ధున్న మనిషైతే ఏం చేస్తుంది? పిలిచి, నాయనా, తలకాయ లేకపోయినా రండి, నాకు తోచడం లేదు అని చెబుతుంది. ఒక్క ముక్క. రెబెక్కమ్మ నోటికి అన్ని ముక్కలూ వచ్చు, అదొక్కటే రాదు. అందుకని వాళ్లు మళ్లీ బల్ల దగ్గర ఆగిన రోజున ఆమె ఇట్లా అంది:

"మీ ఈకల కర్రతోనే నేను పండుగప్పను పడతా. పట్టి, మీ కళ్ల ముందర తలకాయ కోస్తా. వచ్చే శనివారం పొద్దునే. పట్టలేకపోయినానా, ఇంక ఈ అంగట్లో శనివారం పొయ్యి వెలగదు. నా నోటితో నేను చెబుతుండా."

ఆమె మరిది ఆండ్రూ మెల్లగా అన్నాడు. "వదినా, ఆ మాట వెనక్కి తీసుకో. ఎవురూ వినలేదనుకుంటాం."

"విన్నారు. చెవుల్లో చేపలు దూరినాయా మీకు?"

వాళ్లు వెళ్లాక గాని ఆమెకు తెలిసిరాలేదు. బెదిరించింది వాళ్లను కాదు, తననే. తన కంచం తానే బోర్లించుకుని, దాని మీద తానే కూర్చుంది. మాట తప్పదని పేరు తెచ్చుకున్న మనిషి కాబట్టి లేవడానికి కూడా లేదు.

పెంచలకృష్ణ తన పాత కర్రను ఇచ్చిపోయాడు. రెబెక్కమ్మ అంగడి వెనక ఖాళీ జాగాలో సాధన మొదలుపెట్టింది. ఊపితే దారం ముందుకు పోలేదు, మెడ చుట్టూ పడింది. ఆమె ఆలోచించింది. వల అంచున సీసం ఉంటుంది. చేతిగాలానికి సీసం ఉంటుంది. సీసం లేకుండా విసిరేది ఈ భూమ్మీద ఏదీ లేదు. ఈ నెల్లూరు పిల్లకాయలకు ఆ సంగతి తెలియక గాల్లో తిప్పలు పడుతున్నారు. బరువంతా ఆ లావుపాటి దారంలోనే ఉంటుందని పెంచలకృష్ణ చెప్పకపోలేదు. బియ్యం బస్తాలు తూచేవాడు తనకు బరువు సంగతి చెప్పడమేమిటని ఆమె వినలేదు. డబ్బాలోంచి మంచి లావు సీసం గుండు తీసి, పళ్లతో నొక్కబోయి, కట్టించుకున్న పళ్లని గుర్తొచ్చి, పటకారుతో ఈక పక్కన నొక్కింది.

అప్పుడు ఊపింది. వెనక్కి పోయిన గుండు అంతే వేగంగా తిరిగొచ్చి ఆమె బుర్ర వెనక తగిలింది. ఈక గాలం పోయి కొప్పులో దిగింది. కళ్లు తిరిగి ఆమె కూర్చుండిపోయింది. అరుపు విని వచ్చిన ఆండ్రూ, కొప్పులోంచి పచ్చదారం వేలాడుతున్న వదినను చూసి, వంగి కొప్పులోకి తొంగిచూశాడు.

"నవ్వేదుంటే నవ్వు. ఆపుకుంటే చచ్చిపోతావు."

"నవ్వడం లేదు వదినా. ఏం పడిందా అని చూస్తుండా."

"పెద్దదే పడింది. ముసలిది. ఉడకదు. కత్తెర తీసుకురా."

గాలం రావాలంటే జుట్టు కొంత కత్తిరించాల్సి వచ్చింది. చూసినవాళ్లు అడిగితే పేలు పడ్డాయని చెప్పింది. గాలం గుచ్చుకుందని చెప్పడం కంటే అదే పరువుగా తోచింది ఆమెకు.

శనివారం పొద్దున పాటు నీళ్లు సముద్రంలోకి దిగుతుండగా అందరూ మొగ దగ్గర రాళ్ల మీద చేరారు. రెబెక్కమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకొచ్చింది. చేపలు పట్టడానికి తెల్లచీర ఏమిటని పెంచలకృష్ణ అడగబోతే చంద్రమౌళి మోచేత్తో పొడిచాడు. నడుముకు గుడ్డలో చుట్టిన కత్తి ఉంది. గుండు లేదు.

ఊపింది. దారం ఆమె కాళ్ల ముందే, రాళ్ల పక్కన, జారిపోయిన పావడా బొందులా కుప్పగా పడింది. మళ్లీ ఊపింది. మళ్లీ అక్కడే. ఆమె వెనక్కి తిరిగి, గాలి ఎదురుగా ఉందనీ, కర్ర పాతదనీ, చంద్రమౌళి నీడ నీళ్ల మీద పడుతోందనీ వాళ్లకు వివరించడం మొదలుపెట్టింది. అప్పుడు చేతిలో కర్ర వంగింది.

రాళ్ల సందులో నీడన పడుకున్న పండుగప్ప, కాళ్ల ముందు మునిగిపోతున్న ఈకను మింగేసింది. ఆ తర్వాత జరిగింది రెబెక్కమ్మకు సరిగా తెలియదు. రీలు కూసింది. ఒక చెప్పు పోయింది. ఆండ్రూ ఆమె చీర కుచ్చిళ్లు వెనక నుంచి పట్టుకున్నాడు. "దారం వదులు పెద్దమ్మా, వదులు" అని పెంచలకృష్ణ, "పట్టు అక్కా, పట్టు" అని చంద్రమౌళి. ఆమె ఇద్దరినీ తిట్టి, తనకు తోచింది చేసింది. చివరికి చేప అలిసిపోయి, వెండి కంచంలా పక్కకు తిరిగి, రాళ్ల దగ్గరికి తేలి వచ్చింది. మొగలో పడిన వాటిల్లో అంత పెద్దది ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఆండ్రూ గాలం తీసి చేపను ఆమె చేతుల్లో పెట్టాడు.

రెబెక్కమ్మ కత్తి వైపు చెయ్యి పోనిచ్చింది. పెంచలకృష్ణ ఫోన్ తీశాడు.

"కోసేముందు ఒక్క ఫోటో పెద్దమ్మా. మళ్లా ఎవురూ నమ్మరు."

ఆమె ఏం చెప్పాలో అందరికీ తెలుసు. ఫోటోలనే కదా ఇన్నాళ్లూ ఎగతాళి చేసింది. కానీ ఆమె చెప్పిన మాట వేరు.

"ఉండు. కళ్లద్దాలు సరిచేసుకోనీ."

ఇన్నేళ్లు చేపల మధ్య బతికిన మనిషి. బతికున్న చేపను మొప్పల్లో వేళ్లు పెట్టి పట్టుకోవాలని చంటిబిడ్డకు కూడా చెప్పగలదు. కానీ మొప్పల్లో వేళ్లు పెడితే రక్తం కారుతుంది. తెల్లచీర పాడవుతుంది. ఫోటోలో బాగుండదు. కాబట్టి బిడ్డను ఎత్తుకున్నట్టు పొట్ట కింద చెయ్యేసి పట్టుకుంది.

"తల ఇటు పెట్టేదా, అటు పెట్టేదా?"

"ఇట్నే బాగుండాది. కొంచెం నవ్వు."

నవ్వింది. పమిట మడత పడిందేమోనని అనుమానం వచ్చి, సర్దుకోవడానికి ఒక చెయ్యి తీసింది.

చేప ఒక్కసారే తోక విదిలించింది. రెబెక్కమ్మ ముఖం మీద ఉప్పునీళ్లు పడ్డాయి. తుడుచుకుని చూసేసరికి రాళ్ల మధ్య సుడి మాత్రం ఉంది.

పెంచలకృష్ణ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఫోటోలో తోక, నీటి చుక్కలు, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ముచ్చటగా నవ్వుతున్న రెబెక్కమ్మ ఉన్నారు.

"ఆత్రం నాదే. మీరేం మొహాలు వేలాడెయ్యక్కర్లా" అని ఆమె ఒంటి చెప్పుతో అంగడి దాకా నడిచింది. బండి ఎక్కమంటే ఎక్కలేదు.

మధ్యాహ్నమంతా తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. పొయ్యి వైపు చూడలేదు. వాళ్లు రారు. మాట ఇచ్చింది తనే కాబట్టి, మర్యాద ఉన్నవాళ్లు కాబట్టి, అసలే రారు. వచ్చే వారం కూడా రారు. తన మాటను ఇంత గౌరవించే జనాన్ని పోగేసుకున్నందుకు ఆమె తనను తాను బాగా తిట్టుకుంది. ఇక లారీలే మిగిలాయి. అవీ శనివారం తక్కువే.

ఎండ వాలుతుండగా లేచింది. చీర మార్చుకుని, పాత చెప్పులు వేసుకుని, చేపలమ్మే పిచ్చమ్మ ఇంటికి పోయింది.

"ఒక తలకాయ ఇయ్యి పిచ్చమ్మా."

పిచ్చమ్మ కత్తి పక్కన పెట్టి చూసింది. "నువ్వు కొనేదేంది అక్కా?"

"కొంటుండా. అరిచి ఊరికి చెప్పు, వినాల్సినోళ్లు ఇంకా మిగిలుంటే."

తర్వాత రోడ్డు మీదే నిలబడి ఆండ్రూకు ఫోన్ చేసింది. ఫోన్‌లో ఆమె ఎప్పుడూ అరుస్తుంది. ఈసారి ఆండ్రూకు సరిగా వినపడలేదు.

"ఏంది వదినా? గట్టిగా చెప్పు."

"వాళ్లను పిలువు అంటుండా. పులుసు పెడుతుండానని చెప్పు."

"తలకాయ యాడిది?"

"కొన్నాను."

"ఏమని పిలవమంటావు వాళ్లను?" అన్నాడు ఆండ్రూ.

రెబెక్కమ్మ ఒక లారీ పోయేదాకా ఆగింది. "నాకు తోచడం లేదని చెప్పు" అంది. అని, ఫోన్ కట్టేసింది.

పెంచలకృష్ణ అందరికంటే ముందు వచ్చాడు. చంద్రమౌళి మామిడికాయలు తెచ్చాడు. కంచాలు పెట్టాక చేపను పట్టిన మనిషే కథ చెప్పాలన్నారు. రెబెక్కమ్మ చెప్పింది. చేప ఆండ్రూ అంత ఉందని చెప్పింది. చెప్పును అదే లాక్కుపోయిందని చెప్పింది. పమిట సంగతి మాత్రం దాచకుండా చెప్పింది, రెండుసార్లు చెప్పింది, రెండోసారి లేచి నిలబడి చేసి చూపించింది.

నవ్వులు తగ్గాక ఆండ్రూ గరిటె అందుకుంటూ అడిగాడు. "పొయ్యి వెలగదని చెప్పినావు గదా వదినా. ఆ మాట ఏమయింది?"

"తప్పినాను" అంది రెబెక్కమ్మ. "కంచం ఇటు పెట్టు, కారిపోతా ఉంది."