ఆగిపోయిన ప్రోగ్రామే నాది

మా గైడ్ గారు నన్ను ఎన్నోసార్లు తిట్టారు, పట్టించుకోలేదు. కానీ "నీ ప్రోగ్రామ్ దండగమ్మా, మధ్యలో ఆగిపోతుంది" అని నలుగురి ముందూ నవ్వినప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఆగడమే దాని గొప్పండీ" అనేశాను. నా థీసిస్ ఫారం మీద ఆయన సంతకం పెట్టాల్సిన వారం అది. నోరు మూసుకుంటే పోయేది. మూసుకోలేదు.

గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. విషయం చెప్తే చుట్టాలంతా ఆవులిస్తారు. పెద్ద పెద్ద లెక్కలు కంప్యూటర్ చేత చేయించేటప్పుడు ఏ ప్రోగ్రామింగ్ భాష వేగంగా చేస్తుంది, ఏది తప్పు జరగనివ్వదు అని పోల్చడం. లెక్క కోసం నేను ఎంచుకున్నది కల్లంలో ఆరబోసిన మిర్చి. ఏ రాశిలో ఎంత తేమ ఉంది, కోల్డ్ స్టోరేజీకి పంపేంతగా సరుకు ఎండిందా లేదా అన్నది తేలాలి. మా అమ్మ అలాంటి కల్లాల్లోనే రంగు పోయిన తాలుకాయలు ఏరి నన్ను చదివించింది. తేమ మిగిలిన కాయకి స్టోరేజీలో బూజు పడితే రైతు ఏడాది కష్టం మట్టిపాలే. నాకది పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు.

ఒకే లెక్కను నాలుగు భాషల్లో రాశాం. పైథాన్‌లో సాదాగా రాసింది మొదలెడితే నేను క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి వచ్చేదాన్ని. ఫోర్ట్రాన్ ముసలిదే గానీ గట్టిపిండం. సి గైడ్ గారి ముద్దుల బిడ్డ, అందులోది ఆయనే రాశారు. రస్ట్ నాది. రస్ట్ ప్రతి అంకె తీసే ముందు అది జాబితాలో నిజంగా ఉందా అని చూసుకుంటుంది, లేకపోతే అక్కడే ఆగుతుంది. సి అలా చూడదు, అందుకే కొంచెం ముందుంటుంది.

ఆ రోజు సి, రస్ట్‌లకే అరవై రాశుల తేమ ఇచ్చాం. సి టక్కున చెప్పేసింది, సరుకు ఎండింది, పంపొచ్చని. రస్ట్ అరవయ్యో అంకె దగ్గర ఆగి, లేదు పొమ్మంది. అందరూ నవ్వింది అప్పుడే.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"ఎండిందా? ఎవడే చెప్పింది? నా చేత్తో ఆడించి చూశా. గింజ చప్పుడు కాందే ఎండిందంటాడేంటి!" అంది.

ఫైల్ తెరిచాను. మొదటి వరుస చూసి తల పట్టుకున్నాను. కొలిచిన రోజు అమ్మ రాశి రాశికీ మీటర్ పెడుతూ వరుస నంబరు, తేమ పైకి చెప్పింది, నేను ఫోన్‌లో కొట్టుకున్నాను. మా వైపు సరుకు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఆమె అన్నది అన్నట్టే కొట్టేశాను. చిన్నప్పటి అలవాటు మరి! నంబరు ఉండాల్సిన చోట మాట కనబడేసరికి, ఫైల్ చదివే భాగం ఆ వరుసను శీర్షిక అనుకుని వదిలేసింది. మిగిలింది యాభై తొమ్మిది. వదిలేసిన రాశి గోడ నీడన ఉన్నది, అన్నిటికంటే పచ్చిది. పైగా రాశులు అరవై అని ముందే చెప్పి ఉంచాం కాబట్టి, లేని అరవయ్యో అంకె కోసం సి జాబితా దాటి పక్కకి చెయ్యి పెట్టి, అక్కడున్న సున్నాని తేమగా లెక్కేసుకుంది.

"తప్పు నాదేనండి," అన్నాను మర్నాడు, ఫైల్ సరిచేసి రెండూ మళ్లీ నడిపాక, గైడ్ గారితో. "కానీ మీ ప్రోగ్రామ్ దాన్ని మింగేసింది. నాది పట్టుకుంది. థీసిస్‌లో రెండూ రాద్దాం."

"డేటా తప్పుకి భాషనంటావేంటమ్మా? సరిచేశాక సి కూడా సరిగ్గానే చెప్పిందిగా. వేగం పట్టిక వరకూ రాయి, చాలు. ఆ తప్పు జవాబు వరుస వదిలెయ్, ఇప్పుడే సంతకం పెడతా." పెన్ను క్యాప్ కూడా తీశారు.

ఆయన చెడ్డవాడేం కాదు. అన్నదాంట్లో అబద్ధమూ లేదు. సరిదిద్దిన ఫైలుతో సి సరైన జవాబే ఇచ్చింది, నాదానికంటే ముందే ఇచ్చింది. కానీ తప్పుల్లేని అంకెలు ఏ కల్లంలో దొరుకుతాయి? ఎండలో నిలబడి, చెమట తుడుచుకుంటూ రాసిన అంకెలే నాకు వస్తాయి. అవి తప్పితే అరిచి చెప్పే భాష కావాలి నాకు. ఇదంతా ఆయన ముందే అన్నాను. ఆయన పెన్ను క్యాప్ పెట్టేశారు.

వేగంలో రస్ట్‌ది మూడో స్థానం అనే రాశాను. దాని కింద సి ఇచ్చిన తప్పు జవాబు రాశాను, ఆ తప్పుకి కారణం నేనేననీ రాశాను. సంతకం లేని ఫారం నా బ్యాగులోనే ఉంది, గడువు దగ్గర పడుతోంది. ఏం చేసుకుంటారో చేసుకోమనండి. ఆ వరుస మాత్రం తీయను.