రెండు వందల పదమూడో నంబరు టైగర్

తెయోఫిల్ గ్రాబ్యెత్స్ ట్రాక్టర్ల షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు మెకానిక్కుగా చేశాడు. షెడ్డు మూతపడ్డాక ఆయనకు యుద్ధకాలపు ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఊళ్లో ఎవరి అటక మీద పాత ఫోటో దొరికినా గసగసాల రొట్టె ఒకటి చేత్తో పట్టుకుని ఆయన వంటింటికి రావాల్సిందే. ఆయన భూతద్దం తీసి, "ఇది ఓపెల్ లారీ, మూడు టన్నులది. ఈ కాలరు పట్టీ ఫిరంగి దళానిది" అని తేల్చేవాడు. అడిగినా అడగకపోయినా దాని ఇంజను గురించి కూడా చెప్పేవాడు.

ఆయన ఘనతంతా టౌన్‌హాలు గోడ మీద వేలాడుతోంది. సంత బజారులో, చక్రాలు బీరు పీపాల చాటున పడి పైసగమే కనిపిస్తున్న ట్యాంకు, దాని తల మీద నల్ల శిలువ, 213 అంకె. కింద ఇత్తడి రేకు: "మన ఊళ్లో జర్మన్ టైగర్, 1944. గుర్తించినవారు: తెయోఫిల్ గ్రాబ్యెత్స్." పదకొండేళ్లుగా ప్రతి శనివారం ఆయనే వెళ్లి ఆ రేకు తుడిచి వస్తున్నాడు. వేరే పని లేదనుకునేరు, దాన్ని మించిన పని లేదు మరి.

ఒక సోమవారం పొద్దున కోర్నేలియా వచ్చింది. ఆమె తండ్రి వించెంతి ఒకప్పుడు అగ్నిమాపక దళంలో బూర ఊదేవాడు. మంటల్లోంచి ఆరుగురిని మోసుకొచ్చాడు. ఆ దళం ఉన్న వీధికి ఆయన పేరు పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. అంతలో వాళ్ల పాత ఆల్బంలోంచి ఒక ఫోటో జారి, సరిగ్గా కొత్త మేయరు కాళ్ల దగ్గర పడింది.

"చూడండి తెయోఫిల్ గారూ, మా నాన్న జర్మన్ యూనిఫాంలో! నాకు ఐదేళ్లప్పుడే పోయాడు, అడగడానికి అమ్మ కూడా లేదు. మేయరు ఎవరికీ చెప్పలేదు గానీ, బుధవారం సభలో మీరేమంటే అదేనన్నాడు." ఆమె చెప్పులు కూడా మార్చుకోకుండా వంటింట్లోకి వచ్చేసింది. అంటే ఎంత కంగారులో ఉందో చూడండి.

తెయోఫిల్ భూతద్దం పెట్టాడు. జర్మన్ యూనిఫాంకి కుడి జేబు పైన ఉండాల్సిన గద్ద గుర్తు ఎడమ జేబు పైన ఉంది. ఒక భుజం మీద సార్జెంటు పట్టీ, రెండో భుజం మీద సిపాయి పట్టీ. "ఏ జర్మన్ దర్జీ తాగి కుట్టాడమ్మా దీన్ని?" అని నవ్వాడు. పక్కనే ట్యాంకు. చక్రాలు లెక్కపెట్టాడు. ఐదు, పెద్దవి. టైగరుకైతే చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఈ ఐదు చక్రాలు ఆయనకు తన చేతివేళ్లంత బాగా తెలుసు. సైన్యంలో రెండేళ్లు వాటికి గ్రీజు పూసింది ఆయనే. ఇది రష్యా ట్యాంకు. దాని నెత్తిన ప్లైవుడ్ డబ్బా తొడిగి టైగర్ వేషం వేశారు. ఇది సినిమా షూటింగు.

"మీ నాన్న బంగారం" అనబోయి ఆగిపోయాడు. డబ్బా మీద అంకె 213.

రెండు రోజులు ఆయనకు తిండి సయించలేదు. గద్ద సంగతి ఒక్కటే చెబితే దర్జీ పొరపాటంటారు. చక్రాల సంగతి చెబితే మేయరు నమ్ముతాడు, కానీ గోడ మీది టైగర్ ఊడుతుంది. నోరు మూసుకుంటే వించెంతి పేరు ఊడుతుంది. ఏమీ తేల్చలేనని చెప్పేస్తే పోతుంది కదా అని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నం నిండు సభలో లేచి నిలబడ్డాడు. చక్రాలు, గద్ద, ప్లైవుడ్ అన్నీ చెప్పాడు. "వించెంతి గారిది వేషం. ఆయన పేరు పెట్టండి. ఆ గోడ మీదిదీ ఇదే ప్లైవుడ్ డబ్బా. పదకొండేళ్లు మీ అందరినీ మోసం చేశాను. రేకు పీకేయండి."

వెనక వరుసలోంచి పాత పోస్టుమాస్టరు క్లెమెన్స్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య! ఇక దాచలేక చస్తున్నామయ్యా. ఆ సినిమాలో నన్ను మూడుసార్లు కాల్చి చంపారు."

"నన్ను వంతెన మీంచి తోశారు!" అంది బేకరీ ముసలమ్మ. సభ గొల్లుమంది. కోర్నేలియా నవ్వుతూ ఏడుస్తూ ముక్కు చీదుకుంది.

"మీకందరికీ తెలుసా?" అన్నాడు తెయోఫిల్.

"నువ్వు సైన్యంలో ఉన్నప్పుడు తీశారు. తెలియకేం?"

"మరి చెప్పి చావరేం?"

క్లెమెన్స్ మెడ గోక్కున్నాడు. "షెడ్డు మూసేశాక ఆరు నెలలు గడప దాటలేదు నువ్వు. ఆ ఫోటో పట్టుకునే బయటికొచ్చావు. ఎవడికి నోరొస్తుంది చెప్పు?"

వీధికి పేరు ఖాయమైంది. జనం వెళ్లిపోయాక తెయోఫిల్ తన భార్య లుత్సినా మీద విరుచుకుపడ్డాడు. "నువ్వైనా చెప్పొద్దూ! ఎవరో ఒకరు చెబితే వినే ఉంటావుగా?"

"వినడమేంటి? ఆ పీపాల పక్కన తలగుడ్డ కట్టుకుని ఏడుస్తున్నది ఎవరనుకున్నావు?"

తెయోఫిల్ గోడ దగ్గరికి వెళ్లి భూతద్దాన్ని ఫోటో అంచుకి జరిపాడు. చాలాసేపు చూశాడు. తను ఎరగని పందొమ్మిదేళ్ల లుత్సినా అక్కడ నోరు తెరిచి ఏడుస్తోంది.

"ఎంత బాగా ఏడ్చావే!" అన్నాడు భూతద్దం దించకుండానే.

"ఉల్లిపాయ ఇచ్చార్లే" అంది లుత్సినా, కాస్త సిగ్గుపడుతూ.