బర్గండీ కామాక్షయ్య

మైపాడు కామాక్షయ్య లెక్కలో లోకంలోని వస్తువులన్నిటికీ రెండే గోత్రాలు. ఒకటి పాత బర్గండీ, రెండోది మన పినో నువార్. మూడో గోత్రం లేదు.

ఆ రెండూ ఎర్ర వైన్లనీ, ఒకే జాతి ద్రాక్షతో చేస్తారనీ ఊరికి చెప్పింది ఆయనే. మొదటిది ఫ్రాన్సులో పుట్టి, పాతికేళ్లు సీసాలో నిద్రపోయి లేచిందట. రెండోది మన దేశంలోనే నిన్నగాక మొన్న సీసాలో పడిందట. ఓడల్లో ముప్పై ఏళ్లు ఆఫీసర్ల భోజనాల బల్ల దగ్గర వడ్డించి వచ్చిన మనిషి. ఊళ్లో ఇంకెవరూ ఆ రెంటిలో ఒక్క చుక్క రుచి చూడలేదు కాబట్టి, ఎదురు చెప్పేవాడు లేడు.

మజ్జిగ ఇచ్చినా గ్లాసు మూడుసార్లు గిర్రున తిప్పి, ముక్కు లోపల పెట్టి, కళ్లు మూసుకుంటాడు. టీ ఇస్తే "గాలి తగలనీ" అని పక్కన పెట్టి, నీళ్లలా చల్లారాక తాగుతాడు. నెల్లూరు పోయే పాత బస్సు బర్గండీ, కొత్త ఆటో పినో. ఒక పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకును ఎగాదిగా చూసి "పినో. ఇంకో పదేళ్లు ఆగాల" అన్నాడు. మగపెళ్లివారు ఆయనతో మాట్లాడటం మానేశారు. వేలంపాట దగ్గర చేపలమ్మే ఆడవాళ్లయితే అత్తల్ని బర్గండీ అనీ, కోడళ్లని పినో అనీ పిలుచుకోసాగారు.

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైంది పక్కింటి చెంచమ్మ. నడుం పట్టేసి భర్త వెంకయ్య వేట మానుకున్నాక, ఆరేళ్ల కిందట బీచి రోడ్డులోని ఇంటి ముందే మెస్సు పెట్టింది. ఇల్లు గడవడానికి అదొక్కటే ఆధారం. మొదటి నెల జనం పలచగా ఉండి, రోజూ సగం చట్టి పులుసు మిగిలిపోయేది. చేపల పులుసు మర్నాటికే రుచి అని నెల్లూరు సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ అది ఇంటి మాట. డబ్బులిచ్చి తినేవాడికి నిన్నటిది పెడితే పరువు దక్కదు.

ఒకరోజు పొద్దున్నే ఆమె ముక్కు ఎగబీలుస్తూ చట్టి ఎత్తి ఇసుకలో పారబోయబోతుంటే, గోడ అవతల నుంచి కామాక్షయ్య తల కనిపించింది.

"ఏంది చెంచమ్మా అది?"

"నిన్నటిది మామా. ఎవరు తింటారు?"

"బర్గండీని పారబోస్తావా? పాపం తగులుతాది. పెట్టు నాకు."

ఆ రోజు మొదలు పొద్దున్నే ఆయన అన్నం అక్కడే. అంతటితో ఊరుకున్నాడా? మధ్యాహ్నం నలుగురూ తింటున్న వేళ మళ్లీ వచ్చి, పళ్లెం ఎత్తి వాసన చూసి, కృష్ణపట్నం లారీ డ్రైవర్లకు వినపడేలా అరిచేవాడు.

"ఈరోజుది మన పినో అబ్బయా! కుర్రది, తొందర జాస్తి. నిన్నటిదే బర్గండీ. పులుపు, కారం, మామిడికాయ కూర్చుని మాట్లాడుకున్నాయి."

చెంచమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ వారం తిరక్కుండానే డ్రైవర్లు "నిన్నటిదుందా అక్కా?" అని అడగసాగారు. ఆపైన నెల్లూరు నుంచి కార్లు వచ్చాయి. గోడ మీద 'నిన్నటి వంజరం పులుసు దొరుకును' అని బోర్డు వెలిసింది. ఇప్పుడామె రేపటి 'నిన్నటి' కోసం ఈరోజే రెండు చట్లు ఎక్కువ పెడుతుంది. ఇంత జరిగినా ఆమెకు కామాక్షయ్య ఒక నస మనిషే.

మొన్న మాఘంలో మెస్సుకు జడ్సన్ వచ్చాడు. కామాక్షయ్యతో పాటు అదే ఓడలో పనిచేసిన వంటాయన. సంచిలోంచి రెండు సీసాలు తీశాడు. పుదుచ్చేరిలో దొరికిన నిజమైన పాత బర్గండీ ఒకటి, నాసిక్ పినో ఒకటి.

"అన్నా, ఓడనాటి తగువు ఒకటి మిగిలుండాది మనకి. ఈరోజు తేల్చుకుందాం."

కామాక్షయ్య ముఖం పాలిపోయింది. బోర్డు చూసి వచ్చిన నెల్లూరు వాళ్లు నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. చెంచమ్మ గోడ మీది బోర్డు వైపు చూసింది. ఆ బోర్డు నిలబడింది ఈయన నాలుక మీద. ఆ నాలుక ఇప్పుడు తడబడితే మెస్సు సంగతేమిటి?

"ఇది బారు కాదు మామా," అని గొణుగుతూనే రెండు టీ గ్లాసులు తెచ్చి పెట్టింది.

జడ్సన్ రెంటిలోనూ పోశాడు. కామాక్షయ్య ఇటుక రంగు బర్గండీ గ్లాసు ఎత్తాడు. తిప్పాడు. ముక్కు పెట్టాడు.

"ఆహా! రాపూరు అడవిలో వాన వెలిసినాక ఎండుటాకుల వాసన. ఎండిన గులాబీ. పాత తోలు చెప్పు."

"చెప్పా?" అన్నాడొక నెల్లూరాయన.

"మంచి చెప్పు."

తర్వాత దానిమ్మ రంగు పినో గ్లాసు గటగటా తాగి పెదవి విరిచాడు. "కుర్రది. చెప్పేందుకేమీ లేదు. ఇంకాస్త పోయ్, సరిచూస్తా." అలా మూడుసార్లు సరిచూశాడు.

"అదేందన్నా! ఓడలో నువ్వు..." అని జడ్సన్ నోరు తెరిచి, "అబ్బా!" అని కాలు పట్టుకున్నాడు. కామాక్షయ్య కాలు అప్పుడే బల్లకిందకి సర్దుకుంటోంది. నెల్లూరు వాళ్లు తృప్తిగా ఇంకో రెండు ప్లేట్లు నిన్నటిది చెప్పారు.

గ్లాసులు తీస్తూ చెంచమ్మ ఆగిపోయింది. బర్గండీ గ్లాసు పోసింది పోసినట్టే ఉంది. చేతులు కడుక్కుంటున్న జడ్సన్‌ను పక్కకు పిలిచింది.

"అన్నా, మామ ఇది తాగనే లేదే?"

"ఎందుకు తాగుతాడు చెల్లెమ్మా? పాతదంటే తడిసిన గోతం వాసనంటాడు. ఓడలో మిగిలిన బర్గండీ నాకు పోసి, కొత్తది తను లాగించేవాడు. అదే మా తగువు. వైన్ దాకా ఎందుకు? నెల్లూరోడై పుట్టి నిన్నటి పులుసు ముట్టనోణ్ణి ఈయన్నొక్కణ్ణే చూసినా. పొయ్యి మీంచి దిగింది దిగినట్టు ఉండాల, లేకుంటే పస్తే."

చెంచమ్మ మనసులో ఆరేళ్ల పొద్దులు వరసగా కదిలాయి. ఎన్ని పళ్లేలు! ఒక్కనాడూ మెతుకు మిగల్చలేదు మహానుభావుడు. ఆమెకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆయనంటే చెప్పలేనంత ఇష్టమూ వచ్చింది.

మర్నాడు చీకటితోనే లేచి పొయ్యి వెలిగించింది. నిన్నటి చట్టి మీద బుట్ట బోర్లించింది. వేళ తప్పకుండా కామాక్షయ్య వచ్చి కూర్చున్నాడు.

"నిన్నటిదుందా చెంచమ్మా?"

"లేదు మామా. ఊడ్చుకుపోయినారు. ఇప్పుడే దించిన మన పినోనే ఉండాది. సర్దుకోవాల."

ఆయన బుట్టను చూశాడు, ఆమెను చూశాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఏం చేస్తాం. పెట్టు."

పళ్లెం తిప్పలేదు. ముక్కు పెట్టలేదు. నాలుక కాలుతున్నా ఉఫ్ ఉఫ్ అంటూ మూడుసార్లు మారు పెట్టించుకున్నాడు.

"గాలి తగలనియ్యవా మామా?"

"దీనికి అక్కర్లేదులే," అన్నాడు. వేళ్లు నాకుతూ, పళ్లెంలోకే చూస్తూ మెల్లగా అడిగాడు. "రేపు గూడా నిన్నటిది అయిపోతాదా?"

"అయిపోతాది మామా," అంది చెంచమ్మ.