దుర్గం చీటీ

వాన వెలిసిన మధ్యాహ్నాల్లో బందరు కోటలో ఒక వాసన వస్తుంది. పాత సున్నం, తడి ఇటుక, ఎండు చేప, ఉప్పుగాలి అన్నీ కలిసిన వాసన. ఈ మధ్య ఏదో పని మీద అటు వెళ్లి, ఆటో కోసం కూలిన గోడ పక్కన నిలబడ్డాను. ఆ వాసన తగలగానే నేనెక్కడున్నానో కాసేపు మర్చిపోయాను. లలితాంబ మేడమ్ గారు పక్కనే గొడుగు ముడుచుకుంటూ, "ఎవరన్నారమ్మాయ్ ఈ మాట?" అని అడుగుతున్నట్టే ఉంది. ఈలోగా ఆటో వచ్చి వెళ్లిపోయింది కూడా.

మేడమ్ గారు బందరులో ఒక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. కోట, బురుజు, అగడ్త, దుర్గం లాంటి మాటలు ఇప్పుడు జనం నోట ఎలా నలుగుతున్నాయో పుస్తకంగా వేయాలని ఆవిడ కోరిక. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను సాయానికి పెట్టుకున్నారు. మాటకో చీటీ. చీటీ మీద విన్న వాక్యం, కింద అన్నవారి పేరు, ఊరు, చేసే పని రాయాలి. పేరు లేని చీటీని ఆవిడ చదవకుండానే తిరిగిచ్చేసేవారు.

అలా ఇద్దరం ఊళ్లు పట్టుకు తిరిగాం. కోటలో చేపలమ్మే ఒకావిడను కోట ఎక్కడని అడిగితే, "ఎక్కడేంటండీ, మేం ఉండేదే కోట," అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. గుడివాడ బస్సులో ఒక పెద్దమనిషి తమ వార్డు తమకు కంచుకోట అని రొమ్ము విరుచుకుని చెప్పాడు. నేను రేపటికల్లా వంద చీటీలు తెస్తానని గొప్పలు పోతే, "మాటలు కోటలు దాటుతున్నాయి, ముందు గడప దాటు," అని మేడమ్ గారు నవ్వేవారు. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే కలలో నడిచినట్టుంటుంది.

ఒక్క దుర్గం మాత్రం దొరకలేదు. ఊరి పేర్ల చివర తప్ప ఎవరి మాటల్లోనూ వినపడలేదు. ఒక ఆదివారం దివిసీమలో మా ఇంటికి వెళ్లాను. సాయంత్రం గాలి లేచింది. అమ్మ తల మీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "ఈ తాటాకు దడినే మాకు దుర్గం చెయ్యి తండ్రీ," అంది. వెంటనే చీటీ తీసి వాక్యం రాశాను. పేరు దగ్గర కలం ఆగింది. మా అమ్మ మరియమ్మ నాట్లకు, కలుపులకు వెళ్లే మనిషి. అచ్చయ్యే పుస్తకంలో ఆ పేరు, ఆ పని చూసి నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గేసింది. 'పద్మావతి, గుడివాడ, టీచర్' అని రాసేశాను. అలాంటావిడ ఎవరూ లేరు.

మేడమ్ గారు ఆ చీటీ రెండుసార్లు చదివారు. తర్వాత లేచి చెప్పులేసుకున్నారు. "పద, ఈవిణ్ణి చూసొద్దాం."

బందరు నుంచి పామర్రు దాకా బస్సులో వచ్చాం. అక్కడ గుడివాడ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇక దాగదని తెలిసింది.

"పద్మావతి గారు లేరండీ."

"అయ్యో, పోయారా?"

"అసలు లేరండీ. ఆ మాట మా అమ్మది. కూలికెళ్లే మనిషి కదా అని పేరు మార్చాను."

ఆవిడ ముఖం ఎర్రబడింది. రేపటి నుంచి రావొద్దంటారనుకున్నాను. "నాతో అబద్ధమాడావు, సరే. మీ అమ్మ మాట తీసుకెళ్లి లేని మనిషి చేతిలో పెట్టావే! అది కొట్టెయ్," అని తన కలం నా చేతికిచ్చారు. బస్టాండు బెంచీ మీద పెట్టి కొట్టేశాను. ఆ పక్కన 'మరియమ్మ' అని, మా ఊరి పేరు రాశాను. పని దగ్గర మళ్లీ తటపటాయిస్తుంటే ఆవిడ అక్కడే నిలబడి చూస్తున్నారు. 'వ్యవసాయ కూలీ' అని రాశాను. గుడివాడ బస్సు వదిలేసి, మా ఇంటివైపు వెళ్లే అవనిగడ్డ బస్సెక్కాం.

అమ్మ మమ్మల్ని చూసి కంగారుపడింది. "మా పిల్ల ఏవన్నా తప్పు చేసిందాండీ?"

"లేదండీ. మీరన్న మాట రాసుకోవచ్చా అని అడగడానికొచ్చాను," అన్నారు మేడమ్ గారు, గడప దగ్గర చెప్పులు విడుస్తూ. మా అమ్మను ఒక లెక్చరర్ 'అండీ' అనడం నేను వినడం అదే మొదటిసారి.

"దేవుడికి చెప్పుకున్నదేగా, రాసుకోండి."

"దుర్గం ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా?"

"నేనెక్కడ చూస్తానండీ! ఎంత గాలొచ్చినా పడందని తెలుసు, అంతే."

మేడమ్ గారు ఆ ముక్క కూడా రాసుకున్నారు. దుర్గానికి తను ఎంతో కష్టపడి రాసుకున్న అర్థం కొట్టేసి, దాని చోట అమ్మ మాటే పెట్టారు.

పుస్తకం వచ్చిన ఏడాదికే ఆవిడ పోయారు. నేనిప్పుడు టీచర్ని. పిల్లలు ఏ మాట రాసుకొచ్చినా ఎవరన్నారని అడుగుతాను. మా నాయనమ్మ, మా అత్త అని గొంతు తగ్గించి చెప్పే పిల్లల్ని పేరుతో సహా గట్టిగా చెప్పమంటాను. అమ్మకు చదవడం రాదు గనక, పుస్తకం అందిన రోజు ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. అమ్మ చాలాసేపు వేలు తీయలేదు. "మేడమ్ గారు తిన్నగా నా పేరే రాయించారా?" అంది. మొదట నేనేం రాశానో ఆ రోజే అమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేకపోతున్నాను.