అత్తమ్మ ఇరుకు వంటిల్లు

పోయిన ఆదివారం వికారాబాద్ నుంచి మా చెల్లెలి కూతురు తాండూరు వచ్చింది. మా వంటింట్లో అడుగుపెట్టింది మొదలు చేతిలో ఫోను దించలేదు. వాళ్ళ పాత ఇంటి వంటగదిని బాగుచేయించే ఆలోచనలో ఉందట. గోడలోని గూళ్ళకి ఒక ఫోటో, ఇత్తడి గిన్నెలున్న బండ అరకి ఒక ఫోటో, దూలాల కింద చిమ్నీకి ఇంకొకటి. "పెద్దమ్మా, మస్తుంది. అన్నీ కొత్తగ పెట్టుకున్నరు, పాతది గూడ పోలే. మాది గిట్లనే చేయిస్త" అంది. చూసిన వాళ్ళందరూ అనే మాటే ఇది. నేను నవ్వి టీ పెట్టాను. ఈ వంటింటిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఆ మెప్పు తీసుకోబుద్ధి కాదని ఆ పిల్లకి ఎలా చెప్పను?

ఒకప్పుడు ఇది మా అత్తమ్మ వంటిల్లు. వంటిల్లు అనడం మర్యాదకే గానీ, రెండు గోడల మధ్య మిగిలిపోయిన సందు అది. అత్తమ్మ పొయ్యి ముందు నిలబడితే నేను గడపలో ఆగిపోవాలి. ఆమె జొన్నరొట్టె కొట్టడం మొదలుపెడితే మోచెయ్యి తగలకుండా గోడకి అతుక్కోవాలి. పెళ్ళయిన కొత్తలో సన్నగా ఉండేదాన్ని కాబట్టి సరిపోయింది. తరవాత తరవాత ఇద్దరిలో ఒకరు బయటికి వస్తే తప్ప రెండోవారు లోపలికి వెళ్ళే వీల్లేకపోయింది. ఆ బయటికి వచ్చేది ఎప్పుడూ నేనే. పొగకి నల్లబడిన తాండూరు బండ అరల మీద ఆమె డబ్బాలుండేవి. కుడిచేతికి ఉప్పు, దాని పక్కన పసుపు, తలపైన గూట్లో కారం. కందిపప్పు ఉడికే వాసన, పెనం మీద మాడిన జొన్నపిండి వాసన ఆ గోడల్లోంచి ఎప్పుడూ పోయేవి కావు. కారం డబ్బా జానెడు జరిగినా ఆ పూటంతా ఇల్లు దద్దరిల్లేది. "నా డబ్బా ఎవరు ముట్టిన్రు? ఏడిదాడ ఉండనియ్యరా?" అని. మా అమ్మ పోలీసుల్లో ఉండాల్సిన మనిషి అని మా ఆయన చాటుగా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

వంటిల్లు పెద్దది చేద్దామన్నప్పుడు అత్తమ్మ ఒప్పుకోలేదు. "నాకు గిదే మంచిగుంది బిడ్డ. దాన్ని ముట్టకున్రి" అంది. పాతదాని మీద మమకారం అనుకున్నాం. అందుకే పాతదనం చెక్కుచెదరకుండా చేయిద్దామని మా ఆయన పట్టుబట్టాడు. పక్కనున్న గింజల అర్ర గోడ తీయించి రెండు గదులూ ఒకటి చేశాం. పొయ్యి కిటికీ కిందికి వెళ్ళింది, సింకు వచ్చింది, చిమ్నీ వచ్చింది. కానీ దూలాలు అవే, గూళ్ళు అవే. అరల బండలనే పాలిష్ పట్టించి మళ్ళీ పెట్టించాం. పాత తలుపు చెక్కతోనే అలమర తలుపులు చేయించాం. ఒక్క గూడు కూడా విరగకుండా మా ఆయన మేస్త్రి పక్కనే నిలబడ్డాడు. పని జరిగినన్నాళ్ళూ అత్తమ్మను కొడంగల్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచాం. తిరిగొచ్చి, చూసి మురిసిపోవాలని మా ఆశ.

ఆమె వచ్చిన రోజు కొత్త వంటింట్లో పాలు పొంగించమన్నాం. గిన్నె పట్టుకుని గడప దాటి, అలవాటుగా ఎడమకి తిరిగింది. అక్కడిప్పుడు సింకు ఉంది. పాలగిన్నెను సింకులో పెట్టి, లైటరు కోసం గోడను తడమసాగింది. మమ్మల్ని ఆటపట్టిస్తోందనుకున్నాం. "అమ్మా, పొయ్యి కిటికి కింద ఉంది" అన్నాడు మా ఆయన.

"కిటికి ఏడుందిరా?" అంది అత్తమ్మ.

పట్టపగలు. కిటికీ నిండా ఎండ. మా ఆయన ఆమె కళ్ళ ముందు చెయ్యి ఊపి చూశాడు. ఎప్పటిసంది కనబడ్తలేదని అడిగితే, "యాదికి లేదు. జర జర పోయింది" అంది. మాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీరు పరేషాన్ అయితరని చెప్పలే. నా వంటింట్ల నాకు కండ్లతోని ఏం పని ఉండె బిడ్డ?"

మోకాళ్ళ నొప్పులని పెళ్ళిళ్ళకి రావడం, మెడనొప్పి అని టీవీ చూడటం ఆమె ఎందుకు మానేసిందో, కొడంగల్‌లో ఉన్నన్నాళ్ళూ మంచం ఎందుకు దిగలేదో అప్పుడు అర్థమైంది. వికారాబాద్‌లో కంటి డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన చూపు ఇక రాదన్నాడు. మా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కొత్త వంటిల్లంతా తిప్పాడు. ఉప్పు ఇక్కడ, కారం అక్కడ అని మళ్ళీ మళ్ళీ ముట్టించాడు. కొన్నాళ్ళు ప్రయత్నించింది. చెయ్యి కాల్చుకుంది. ఆ రోజు మా ఆయన ఏడుస్తూ, గోడ మళ్ళీ లేపి అంతా ముందున్నట్టే కట్టిస్తానన్నాడు. "ఎందుకురా? ఏడ ఏముండెనో నా చేతులే మర్చిపోయినయి. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది అత్తమ్మ. ఆ తరవాత వంటింటి గడప తొక్కలేదు. బయట మంచం మీద కూర్చుని, ఇవ్వాళ ఏం కూర అని అడిగేది.

చేతులు మర్చిపోయాయన్నది అబద్ధం. ఒకరోజు పప్పుకి పోపు పెడుతూ తలుపులోంచి చూశాను. నూనెలో ఆవాలు చిటపటమనగానే మంచం మీదున్న అత్తమ్మ కుడిచెయ్యి పక్కకి వెళ్ళింది. మూడు వేళ్ళతో చిటికెడు తీసి ముందుకి వేసింది. తరవాత ఆ చెయ్యే తలపైకి లేచి, గాలిలో కారం డబ్బా మూత తీసింది. కొడుకుని ఊరుకోబెట్టడానికి ఆ మాటన్న మనిషి, మేము పడగొట్టిన సందులో నిలబడి నాతోపాటే వండుతోంది. మా ఆయన తట్టుకోలేడని ఆయనకి చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె చేతికి అందేలా నేనే కాస్త నిదానంగా వండేదాన్ని. పోయిన వానాకాలం, ఆమె కన్నుమూసేదాకా మేమిద్దరం అట్లాగే వండుకున్నాం.

కాలం అత్తమ్మ కళ్ళను తీసుకుంది గానీ తొందరపెట్టలేదు. చెయ్యి అలవాటు పడేదాకా ఆగి, ఆగి, కొంచెం కొంచెంగా తీసుకుంది. ఆమె మీద ఇంత ప్రేమ పెట్టుకున్న మాకు ఆపాటి ఓపిక లేకపోయింది.