చితి పక్కన రంగుల పాట

మొన్న సాయంత్రం నేనూ మా మనవరాలూ టీవీలో సినిమా బహుమతుల పండుగ చూస్తూ కూర్చున్నాం. అన్నిటికన్నా పెద్ద బహుమతి ఒక పాటల సినిమాకు, చూసినవాళ్ళు చిందులేసుకుంటూ బయటికి వచ్చే రకం సినిమాకు ఇచ్చారు. దానితో పోటీపడ్డ సినిమా, బావి తవ్వకంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి కథ, ఒట్టి చేతులతో వెళ్ళిపోయింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను రిమోటు విసిరికొట్టాను. విసిరికొట్టానంటే పక్కన పెట్టాను, కాకపోతే కొంచెం చప్పుడయ్యేలా పెట్టాను.

"ఏంది తాతా, నీకొచ్చేది ఏమన్న గుంజుకున్నరా?" అంది.

సరిగ్గా అప్పుడే సత్తుపల్లి నుంచి మా బావ ఫోను. మా అక్క మొగుడు. ఆయనకు చెవులు పోయాయి గాని వేళాకోళం పోలేదు. "చూసినవా బామ్మర్దీ, మళ్ళ నాదే గెలిచింది!" అని నవ్వాడు. నేను ఫోను పెట్టేశాను. ఇంత వయసొచ్చినా ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు ఎందుకు మండుతుందో చెప్పాలంటే దమ్మపేట డేరా టాకీసు రోజుల దాకా వెనక్కి వెళ్ళాలి.

డేరా టాకీసు చూసిన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నేల మీద ఇసుక, ముందు తెల్లగుడ్డ, వెనక రేకుల గది, అందులో బొమ్మ వేసే మిషను ఒక్కటంటే ఒక్కటి, రీలు అయిపోయినప్పుడల్లా చీకట్లో ఈలలు, బీడీ నిప్పులు. ఇప్పుడు ఆ దారిన పోతే అంతా పామాయిల్ తోటలే, డేరా ఎక్కడ ఉండేదో నాకే ఆనవాలు చిక్కలేదు. మా బావ అక్కడ పెద్ద ఆపరేటరు, నేను ఆయన కింద చిన్న ఆపరేటర్ని. మొత్తం జిల్లాలో నా అంత బాగా రీలు ఎక్కించేవాడు లేడని, బెజవాడ నుంచి నన్ను ఎగరేసుకుపోవడానికి మనుషులు వచ్చారని మా పిల్లలకు చెప్పి ఉన్నాను. బెజవాడ నుంచి వచ్చిన మాట నిజమే, కానీ వాళ్ళు వచ్చింది సినిమా రీళ్ళ పెట్టెల కోసం.

వానలు పడేముందు డేరా ఎత్తేసేవాళ్ళం. ఎత్తేముందు అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. ఆ ఎండాకాలం జనానికి బాగా నచ్చిన రెండు సినిమాల పెట్టెలు తిరిగి పంపకుండా ఆపుకుని, ఒక సాయంత్రం ఒకటి, మర్నాడు సాయంత్రం రెండోది ఆఖరిసారి వేసేవాళ్ళం. రెండో ఆట అయ్యాక గేటు దగ్గర రెండు ఖాళీ కిరసనాయిలు డబ్బాలు పెడితే, బయటికి పోయేవాళ్ళు తలా ఒక చింతగింజ తమకు నచ్చిన సినిమా డబ్బాలో వేసేవాళ్ళు. గెలిచిన సినిమా పెట్టెకు పూలదండ వేసి, ఎడ్లబండి మీద పెట్టి, డోళ్ళతో ఊరంతా తిప్పి, ఆ తరవాతే బస్సెక్కించేవాళ్ళు. ఈ టీవీలో ఇచ్చే బొమ్మల కన్నా అది పెద్ద బహుమతి అని నా లెక్క.

మా గొడవ జరిగిన ఏడాది మిగిలిన రెండింట్లో ఒకటి రంగుల సినిమా, ఆది నుంచి అంతం దాకా పాటలే. రెండోది నలుపు తెలుపుది, పాటల్లేనిది, కౌలు రైతు భార్య రోగంతో చనిపోయే కథ. రెండింట్లోనూ హీరోయిన్ ఒకటే. రంగుల సినిమా మా బావకు ప్రాణం, నలుపు తెలుపుది నాకు ప్రాణం. నా ప్రాణం ఊరికే కాదు. అంతకు ముందు ఏడే మా అమ్మ పోయింది. మా నాయన ఏడవలేదు. దహనం నాడు ఏడవలేదు, దినాల నాడు ఏడవలేదు, ఆ తరవాత మాట్లాడడం కూడా మానేశాడు, పొద్దున లేచి పొలానికి పోవడం, వచ్చి గోడకు ఆనుకుని కూర్చోవడం, అంతే. లోపల గట్టిపడిపోతున్న మనిషిని ఆ సినిమా కరిగిస్తుందని, తెర మీద ఆ రైతు చితి పక్కన కూలబడినప్పుడు మా నాయన కూడా ఒక్కసారి కరువుదీరా ఏడిస్తే చాలునని నేను నమ్మాను. ఎంత బతిమాలినా డేరా తొక్కని మనిషిని కాళ్ళావేళ్ళా పడి ఆ రెండో సాయంత్రానికి ఒప్పించాను.

అయితే మా బావకు ఒక చేతివాటం ఉండేది. ఏ సినిమా అయినా జనం ఆవలిస్తే, ఇంకో సినిమాలోంచి పాట ముక్క కత్తిరించి మధ్యలో అతికించేవాడు. ఆ రోజుల్లో డేరాల వాళ్ళలో చాలామంది చేసిన పనే అది. అందుకని ముందే ఆయన చేత మా అక్క ముందు చేతిలో చెయ్యి వేయించుకున్నాను, ఈ సినిమాను ముట్టొద్దు, నాయన వస్తున్నాడని. "నీ అక్క మీద ఒట్టు, ముట్టన్రా" అన్నాడు.

ఆ సాయంత్రం డేరాలో వేలమంది. వేలమంది అని రాస్తే మా అక్క బతికుంటే నవ్వేది. ఆ డేరాలో రెండు మూడు వందల మంది పడితే గొప్ప. చుట్టుపక్కల రైతులు ఒకవైపు, అడవి ఊళ్ళ నుంచి పిల్లాజెల్లాతో నడిచి వచ్చినవాళ్ళు ఇంకోవైపు. మిషను బావ తిప్పుతుంటే నేను రేకు కంతలోంచి తెరను చూడలేదు, మా నాయన వీపునే చూశాను. రైతు భార్య కన్ను మూసింది. పాడె లేచింది. చితి అంటుకుంది. మా నాయన భుజం మీద తువ్వాలు మెల్లగా పైకి లేచింది, మొహం దాకా వచ్చింది.

అంతలో డోలు మోగింది. తెర నిండా ఒక్కసారిగా రంగులు. అప్పుడే చనిపోయిన ఆ తల్లే పచ్చ చీర కట్టి, కొండ మీద, పూలలో, చేతులు చాచి ఆడుతోంది!

డేరాలో జనమంతా లేచి నిలబడ్డారు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. అడవి ఊళ్ళవాళ్ళ పద్ధతిలో పోయినవాళ్ళను డోలు కొట్టి, ఆడి సాగనంపుతారు; వాళ్ళకు ఆ పాట అతుకు అని తోచనే లేదు, అంతసేపూ చావును చప్పుడు లేకుండా చూపించి చివరికి ఆ పట్నపోళ్ళకు బుద్ధొచ్చింది అనుకున్నారు. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, "అవ్, ఇప్పుడు మంచిగ తోలిండ్రు ఆ బిడ్డను!" అని చేతులెత్తింది. ఒన్స్ మోర్, ఒన్స్ మోర్ అని అరుపులు. బావ రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. మా నాయన లేచి ఈల వేశాడని నేను చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. వేయలేదు. తువ్వాలు దించి, నోరు కొంచెం తెరిచి, డోలుకు తగ్గట్టు తల ఊపాడు. నవ్వాడు. అది ఈల కన్నా ఎక్కువగా తగిలింది నాకు.

"బావా, అక్క మీద ఒట్టేసినవ్ గదా!" అన్నాను.

"ఏసిన. తప్పిన. ముందుగాల పోయి మా మామ మొఖం చూడు" అన్నాడు, మిషను మీంచి కన్ను తిప్పకుండా.

గేటు దగ్గర నా సినిమా డబ్బా చింతగింజలతో నిండి కింద పొర్లింది. గెలిచింది నా సినిమానే. నా బాధ అదే. ఓడిపోయి ఉంటే జనానికి తెలివి లేదని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాళ్ళు దండ వేసింది నా పెట్టెకు, ఊరేగించింది నా పెట్టెను, మొక్కింది మాత్రం బావ అతికించిన పాటకు. మా నాయన కూడా ఆ డబ్బాలోనే గింజ వేశాడు. ఇంటికి నడుస్తూ, ఏడాదిగా మా అమ్మ పేరెత్తని మనిషి, "మీ అమ్మకు గసొంటి పచ్చ చీరలంటే మస్తు ఇష్టముండెరా" అన్నాడు. అంతే. ఆ తరవాత పొలం పనులకు వెళ్ళాడు, మాట్లాడాడు, బతికాడు, కానీ తను పోయేదాకా ఏడవలేదు. ఆ ఏడుపు నాకు రావలసింది అనిపిస్తుంది. బావ దాన్ని దారిలో కొట్టేశాడు. ఆ తరవాత పదేళ్ళు ఆయన మొహం చూడలేదని చెప్తుంటాను. నిజానికి మర్నాడు అక్క చేసిన చేపల పులుసు ఆయన పక్కనే కూర్చుని తిన్నాను.

అందుకే సంతోషపెట్టే సినిమాకు పెద్ద బహుమతి వచ్చినప్పుడల్లా నాకు మోసం వాసన వేస్తుంది. సంతోషం తప్పని కాదు. ఏడవాల్సిన చోట మనిషిని ఏడవనివ్వకుండా చెయ్యి పట్టి లాక్కుపోతుందని.

ఇదంతా విని మనవరాలు మర్నాడు పొద్దున తన ఫోనులో ఆ నలుపు తెలుపు సినిమాను వెతికి పట్టుకుంది. ఎవరూ కత్తెర పెట్టనిది, తీసినవాళ్ళు తీసింది తీసినట్టు. ఇన్నేళ్ళకు న్యాయం జరిగిందని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. రైతు భార్య కన్ను మూసింది, పాడె లేచింది, చితి అంటుకుంది. నాకు తెలియకుండానే వీపు నిటారు చేసుకున్నాను. చెవులు డోలు కోసం ఎదురుచూశాయి. రైతు వాగులో స్నానం చేసి ఇంటికి నడిచాడు, కథ ముందుకు సాగిపోయింది.

ఇప్పుడు ఏ సినిమా అయినా చెక్కుచెదరకుండా చేతిలోకి వస్తుంది. మధ్యలో చెయ్యి పెట్టే ఆపరేటరు లేడు, చేతులెత్తే ముసలమ్మ లేదు, ఎవరి చితి ముందు వాళ్ళు ఒంటరిగా కూర్చుంటున్నారు. నేను ఇన్నేళ్ళు కోరింది ఇదే. "ఏందయింది తాతా, మళ్ళ ఎనకకు జరుపుతున్నవ్?" అంది మనవరాలు. ఏమీ లేదన్నాను. ఆ చోటికి జరిపి మళ్ళీ చూశాను. చితి కాలింది, పొగ పైకి పోయింది. పచ్చ చీర రాలేదు.